మనోవైద్యానికి ఎంత ఖర్చవుతుంది? ఒక లెక్క, అనేక ఖాతాలు

మస్కట్‌లో మేముండే ఘుబ్రాలో వైద్యానికి కొదవ లేదు. ఒమాన్‌లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో ఒకటైన రాయల్ హాస్పిటల్ 1987 నుండి ఇక్కడే ఉంది. చుట్టుపక్కల వీధులలో ప్రైవేటు క్లినిక్కులూ మందుల దుకాణాలూ ఎన్నో ఉన్నాయి. గుండెకో మోకాలికో వైద్యం చేయించుకుంటే ఎంతవుతుందో ఇక్కడి తెలుగువాళ్ళు వేళ్ళ మీద లెక్కగట్టి చెబుతారు. మనసుకు వైద్యం చేయించుకుంటే ఎంతవుతుందని అడిగితే మాత్రం కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తరువాత "ఇండియాకు పంపించేయడం మేలు" అన్న సలహా వస్తుంది. నేను వృత్తిరీత్యా వ్యయగణకుణ్ణి. ఒక వస్తువు తయారీకి ఎంత ఖర్చయిందో, ఆ ఖర్చును ఏ ఖాతాలో రాయాలో తేల్చడం నా పని. పైన చెప్పిన సలహాలో ఒక లెక్క దాగి ఉందనీ, ఆ లెక్క తప్పనీ నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

కొన్నేళ్ళ కిందట ఉత్తర తెలంగాణ పల్లె నుండి వచ్చిన ఒక ఏసీ మెకానిక్, ఇరవయ్యేడేళ్ళ యువకుడు, మా పరిచయస్తుల గదిలో ఉండేవాడు. మొదట నిద్ర పోయింది. తరువాత గదిలోని వాళ్ళు తన మీద ఏదో కుట్ర చేస్తున్నారన్న అనుమానం మొదలయింది. ఒక రాత్రి చెప్పులు లేకుండా సముద్రం దాకా నడిచి వెళ్ళాడు. ఆసుపత్రిలో కొన్ని రోజులున్నాక, కంపెనీవాళ్ళు టికెట్టు కొని, తోడుగా ఒక మనిషిని ఇచ్చి ఇంటికి పంపించారు. కాగితాలు సర్దిపెట్టే పనిలో నలుగురితో పాటు నేనూ ఉన్నాను. కంపెనీ లెక్కలో ఆ సంఘటన నాలుగు పంక్తులకు మించలేదు: ఆసుపత్రి బిల్లు, రెండు విమాన టికెట్లు, అతనికి రావలసిన తుది చెల్లింపు, కొత్త మనిషికి వీసా. ఆ పద్దు అక్కడితో మూసేశారు. దుర్మార్గులని అనడానికి లేదు, వాళ్ళు తమ పుస్తకం నిజాయితీగానే రాసుకున్నారు. కాని అదే రోజున అతని ఇంట్లో మరొక పద్దు తెరుచుకుంది. దాన్ని ఎవరూ రాయలేదు.

మనోవైద్య సేవలకయ్యే ఖర్చును కొలవడానికి గడచిన అరవై డెబ్భై ఏళ్ళలో ఎవరెవరు ఏ పద్ధతులు వాడారో, వాటిలో ఏది ఎవరిని లెక్కలోకి తీసుకుంటుందో, ఎవరిని వదిలేస్తుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. సూత్రాలను వీలైనంత తగ్గించి, ఉదాహరణల మీద ఎక్కువసేపు నిలుస్తాను.

ఒక గంట ధర

అన్నిటికన్నా తేలికగా కనిపించే ప్రశ్నతో మొదలుపెడదాం: ఒక మానసిక నిపుణుడితో ఒక గంట కూర్చుంటే ఆ గంటకు క్లినిక్కుకు అయ్యే ఖర్చెంత? రోగి చెల్లించే రుసుము కాదు, అసలు ఖర్చు. రుసుము అనేది అంగడి ధర. అది ఖర్చు కన్నా ఎక్కువ ఉండవచ్చు, ప్రభుత్వ ఆసుపత్రిలోలాగా సున్నా కూడా ఉండవచ్చు.

ఘుబ్రాలో ఒక చిన్న క్లినిక్కును ఊహించుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే. నిపుణుడి జీతం, వీసా, బీమా, ఏటా ఇచ్చే టికెట్టు కలిపి నెలకు 1,000 రియాళ్ళు. గది అద్దెలో అతని వాటా 250. రిసెప్షను, కరెంటు, రికార్డులు, కంప్యూటరు 300. పై నిపుణుల పర్యవేక్షణకూ శిక్షణకూ 50. మొత్తం 1,600 రియాళ్ళు. నెలకు 22 పనిదినాలు, రోజుకు 8 గంటలు అంటే 176 గంటలు. భాగిస్తే గంటకు 9 రియాళ్ళ పైచిలుకు. చాలా నివేదికలు ఇక్కడే ఆగిపోతాయి.

కాని ఆ నిపుణుడికి సెలవులుంటాయి, పండుగలుంటాయి. అవి తీసేస్తే నిజంగా పనిచేసేవి 150 గంటలు. గంట ఖరీదు 10 రియాళ్ళ 670 బైసలకు పెరిగింది. ఆ 150 గంటలూ రోగుల ఎదుట గడపడు. ప్రతి రోగి గురించీ రాసుకోవాలి, కుటుంబంతో ఫోనులో మాట్లాడాలి, మందులిచ్చే డాక్టరుతో సంప్రదించాలి. మనోవైద్యంలో ఈ కనిపించని పని మిగతా వైద్యం కన్నా ఎక్కువ. ఎదురుగా కూర్చునే సమయం 90 గంటలని అనుకుంటే ధర 17 రియాళ్ళ 780 బైసలవుతుంది. ఇక ఆఖరి మెట్టు, అపాయింట్‌మెంటు తీసుకుని రానివాళ్ళు. దిగులు జబ్బు మనిషిని మంచం మీదనుంచి లేవనివ్వదు గనుక ఇక్కడ అటువంటివాళ్ళు ఎక్కువే. 90 మందిలో 18 మంది రాలేదంటే మిగిలినవి 72 సమావేశాలు. ఒక్కోదానికి 22 రియాళ్ళ పైన. ఒకే గది, ఒకే జీతం, ధర మాత్రం 9 నుండి 22 దాకా పోయింది. ఏ సమయంతో భాగించామన్నదే తేడా.

హార్వర్డు ఆచార్యుడు రాబర్ట్ కాప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ కలిసి 2004లో ప్రతిపాదించిన సమయాధార వ్యయగణన సారాంశం ఇదే: జీతాన్ని కాగితం మీది గంటలతో భాగించరాదు, నిజంగా అందుబాటులో ఉన్న గంటలతో భాగించాలి, రోగి నడిచే దారిలో ప్రతి అడుగుకూ ఎవరి నిమిషాలు ఎన్ని ఖర్చవుతున్నాయో గడియారం పెట్టుకుని చూడాలి. ఫ్యాక్టరీల కోసం పుట్టిన ఈ పద్ధతిని 2011లో కాప్లాన్, మైకేల్ పోర్టర్ వైద్యానికి అన్వయించారు.

ఈ తేడా పుస్తకాలకే పరిమితమనుకోవద్దు. 2006లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ నుండి వెలువడిన 'డిప్రెషన్ రిపోర్టు' ఒక దేశపు విధానాన్నే మార్చింది. దాని వెనుక ఉన్న ఆర్థికవేత్త రిచర్డ్ లేయర్డ్ వాదన చాలా సూటిగా ఉంటుంది. ఒక మనిషికి పూర్తి మానసిక చికిత్స ఇవ్వడానికి 750 పౌన్లవుతుంది. అదే మనిషి పని చేయలేక భృతి మీద ఉంటే ప్రభుత్వానికి, భృతీ రాని పన్నూ కలిపి, ఒక్క నెలకు దాదాపు అంతే నష్టం. నెల రోజులు ముందుగా పనిలోకి వెళితే చికిత్స ఖర్చు తీరిపోయినట్టే. ఖజానా అధికారులకు అర్థమయ్యే భాష అది. 2008 నుండి ఇంగ్లండులో వేలమంది చికిత్సకులను నియమించి ఆ పథకాన్ని నడిపించారు. తరువాత 2013లో తూర్పు ఇంగ్లండులోని అయిదు ప్రాంతాలలో అసలు ఖర్చులు లెక్కగట్టిన ఒక అధ్యయనం, తేలికరకం సమావేశం ఒక్కోటి సగటున 99 పౌన్లు, నిపుణులతో జరిపేది 177 పౌన్లు అవుతున్నాయని చెప్పింది. మొత్తం చికిత్స సగటున 877 పౌన్లు. లేయర్డ్ అంకెకు మరీ దూరం కాదుగాని, తేలికరకం చికిత్సలూ మధ్యలో మానేసినవాళ్ళూ కలిసిన సగటు అది. నిపుణుల చికిత్స ఒక్కటే చూస్తే 1,416 పౌన్లు. సగటు అన్న మాట విన్నప్పుడల్లా అది దేనికి సగటో అడగాలి.

లండనులో రెండు పిచ్చాసుపత్రులు

ఇంతవరకు చూసింది సేవ ఇచ్చేవాడి వైపు. రోగి వెంట నడుస్తూ లెక్క రాసే పద్ధతి మరొకటి ఉంది. దాని పుట్టుక తెలుసుకోదగ్గది.

1980లలో లండనులోని ఫ్రయర్న్, క్లేబరీ అనే రెండు పెద్ద మానసిక ఆసుపత్రులను మూసివేసి, ఏళ్ళ తరబడి అక్కడ ఉన్నవారిని ఊళ్ళలోని ఇళ్ళకు తరలించాలని నిర్ణయించారు. వాళ్ళకు ఏమవుతుందో చూడడానికి 1985లో జూలియన్ లెఫ్ నాయకత్వాన ఒక పరిశోధక బృందం ఏర్పడింది. ఖర్చు సంగతి మార్టిన్ నాప్, జెనిఫర్ బీచమ్ చూశారు. ఆసుపత్రిలో ఉన్నంతకాలం ఒక మనిషి ఖర్చు తెలుసుకోవడం సులువు. తిండి, పడక, నర్సు, మందు అంతా ఒకే గోడలోపల, ఒకే బడ్జెట్టులో ఉంటాయి. బయటికి వచ్చాక ఆ ఖర్చు ముక్కలై చెల్లాచెదురవుతుంది. ఇల్లు ఒక శాఖది, నర్సు మరొక శాఖ, భృతి ఇంకొకరిది, పగటి కేంద్రాన్ని ఏ స్వచ్ఛంద సంస్థో నడుపుతుంది, ఆదివారం భోజనం చెల్లెలు తెచ్చిపెడుతుంది. అందుకని వాళ్ళు ఒక ప్రశ్నాపత్రం తయారుచేశారు. గడచిన కొన్ని నెలలలో ఎక్కడ ఉన్నావు, ఎవరిని ఎన్నిసార్లు కలిశావు, ఎంతసేపు, ఏ మందులు వాడావు, ఏమి సంపాదించావు, ఇంట్లో ఎవరు ఎంత సాయం చేశారు అని మనిషినే అడిగే పత్రం అది. క్లయింట్ సర్వీస్ రిసీట్ ఇన్వెంటరీ అని దాని పేరు. సేవలు అందుకున్న జాబితా అనుకోవచ్చు. ప్రతి సేవకూ యూనిట్ ధర కట్టి గుణించి కలిపితే ఆ మనిషి మొత్తం ఖర్చు వస్తుంది. ఆ యూనిట్ ధరల పట్టికను కెంట్ విశ్వవిద్యాలయం 1990ల నుండి ఏటేటా ప్రచురిస్తూ వచ్చింది. నాలాంటివాడికి అది పంచాంగంలాంటి పుస్తకం. ఆ ప్రశ్నాపత్రం మాత్రం తరువాత ఎన్నో దేశాలకు, మనదేశానికి కూడా, స్థానిక మార్పులతో చేరింది.

వాళ్ళకు తేలినది ఏమిటి? బయటి జీవితం ఆసుపత్రి కన్నా మొత్తం మీద ఖరీదైనది కాదు, మనుషులు మెరుగ్గానే ఉన్నారు. కాని ముందు బయటికి వెళ్ళినవారు తక్కువ అవసరాలున్నవారు, వారి ఖర్చు తక్కువ. తరువాతి జట్లలో వెళ్ళినవారికి ఎక్కువ సాయం కావలసి వచ్చింది, ఖర్చు పెరుగుతూ పోయింది. మొదటి జట్టు లెక్క చూసి పథకం వేసుకున్న అధికారి చివరి జట్టు దగ్గర మోసపోతాడు. మరొక చిక్కు కూడా ఉంది. వందమందిలో ఇరవైమంది వెళ్ళిపోతే ఆసుపత్రి ఖర్చు అయిదో వంతు తగ్గదు. బాయిలరు అలాగే మండాలి, కాపలావాడు అలాగే ఉండాలి. సగటు ఖర్చుకూ, ఒక మనిషి తగ్గితే నిజంగా మిగిలే ఖర్చుకూ ఉన్న ఈ తేడా గుర్తించకపోతే, రెండు వ్యవస్థలనూ ఒకేసారి పోషించవలసిన కొన్నేళ్ళకు డబ్బు చాలదు. సంస్కరణలు చాలావరకు ఆ కొన్నేళ్ళలోనే కూలిపోతాయి.

ఫ్రయర్న్ 1993లో మూతపడింది. ఆ భవనం ఇప్పుడు విలాసవంతమైన నివాస సముదాయం. ఇక్కడ ఒక్క మాట. ప్రభుత్వ పద్దులలో ఆసుపత్రి స్థలానికి అద్దె ఉండదు కనుక ఖర్చు సున్నా. హైదరాబాదులో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల మెట్రో స్టేషను పక్కనే ఉంది. విశాఖపట్నం ఆసుపత్రి చినవాల్తేరులో ఉంది. ఆ నేలల నేటి విలువ తెలిసినవాడెవడూ సున్నా అనడు. అలాగని విలువ కట్టగానే అమ్ముకోవాలనే వాళ్ళు బయలుదేరతారు. లెక్క వేయడానికి నేను జంకే సందర్భాలలో ఇదొకటి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 అట్లాసు ప్రకారం దేశాలు తమ ఆరోగ్య బడ్జెట్లలో మానసిక ఆరోగ్యానికి పెడుతున్నది సగటున రెండు శాతం చిల్లర. మధ్యాదాయ దేశాలలో ఆ కొంచెంలో 70 శాతం మానసిక ఆసుపత్రులకే పోతోంది. ఒమాన్‌లో 2013లో ఇబ్న్ సినా ఆసుపత్రి స్థానంలో ఆమెరాత్‌లో కొత్త ఆసుపత్రి వచ్చింది. దాని పేరు అల్ మసర్రా, అంటే సంతోషం. ఒమానీ పౌరులకు ప్రభుత్వ వైద్యం దాదాపు ఉచితం. 2020 జనగణన నాటికి జనాభాలో 39 శాతంగా ఉన్న పరదేశీయులకు బీమాయో సొంత జేబో దిక్కు. ఒకే మంచం ఖర్చు ఒకరి విషయంలో ప్రభుత్వ ఖాతాలోకి, మరొకరి విషయంలో కంపెనీ ఖాతాలోకి, ఇంకొకరి విషయంలో అప్పు పుస్తకంలోకి వెళుతుంది.

ఇంటివాళ్ళ గంటలు

రోగాల ఖర్చును ప్రత్యక్షం, పరోక్షం అని రెండుగా విడదీసే ఆచారం పాతదే. అమెరికాలో రషీ ఫైన్ 1958లో మానసిక రోగాల ఆర్థికశాస్త్రం మీద పుస్తకం రాశాడు. డొరొతీ రైస్ 1966లో అన్ని రోగాలకూ కలిపి ఒక పద్ధతిని స్థిరపరిచింది. మందులు, పడకలు, డాక్టర్లు ప్రత్యక్షం. పోయిన పనిదినాలు, పోయిన సంపాదన పరోక్షం. మానసిక రోగాలలో రెండవది మొదటిదాన్ని మించిపోతుందని అప్పటినుండీ తెలుస్తూనే ఉంది. ఇంట్లోవాళ్ళ శ్రమ మాత్రం చాలాకాలం రెండిటిలోనూ లేదు.

మనదేశంలో ఈ విషయమై నాకు బాగా నచ్చిన పరిశోధన గ్రామీణ కర్ణాటకలో జరిగింది. ఆర్. శ్రీనివాసమూర్తి బృందం 2005లో ప్రచురించినది. ఎనిమిది గ్రామీణ ప్రాంతాలలో స్కిజోఫ్రీనియా ఉండి, అప్పటిదాకా వైద్యం అందని సుమారు వందమందిని వెతికి పట్టుకుని, ఊళ్ళోనే వైద్యం ఇస్తూ, ఏడాదిన్నర పాటు లక్షణాలతో బాటు ఖర్చులు కూడా రాశారు. వైద్యం మొదలుపెట్టగానే ఖర్చు పెరిగింది, అది సహజమే. క్రమంగా రెండు ఖర్చులు తగ్గి, ఆ పెరుగుదలను సరిచేశాయి. ఒకటి భూతవైద్యులకూ నాటువైద్యులకూ పెట్టేది, రెండవది రోగిని కనిపెట్టుకుని ఉండడానికి ఇంటివాళ్ళు వెచ్చించే సమయం. ఆ రెంటినీ పద్దులో రాయకపోయి ఉంటే ఈ పథకం ప్రభుత్వానికి దండగ ఖర్చుగానే కనిపించేది. "వైద్యం చేయించలేదు కాబట్టి ఖర్చు కాలేదు" అనే మాటకు ఆ పరిశోధన చెప్పే జవాబు: ఖర్చు అవుతూనే ఉంది, రసీదు ఇచ్చేవాడు లేడు.

నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పన్నెండు రాష్ట్రాలలో జరిగింది. తెలుగు రాష్ట్రాలు రెండూ అందులో లేవు. పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఆ సమయంలో ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారనీ, చాలా రుగ్మతలలో పదిమందికి ఏడుగురికి పైగా వైద్యం అందడం లేదనీ తేలింది. వైద్యం చేయించుకుంటున్న కుటుంబాలకు వైద్యానికీ ప్రయాణానికీ నెలకు 1,000 నుండి 1,500 రూపాయలవుతోంది. ప్రయాణం అన్న మాట గమనించాలి. మందు ఉచితమైనా పట్నం దాకా బస్సు ఉచితం కాదు, రోగితో వెళ్ళే తోడు మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి.

ఇంటివాళ్ళ సమయానికి విలువ కట్టడానికి రెండు దారులు. ఆ సమయంలో వాళ్ళు సంపాదించగలిగినదెంత అని చూడడం ఒకటి. దాన్ని అవకాశ వ్యయమంటారు. అదే పని జీతమిచ్చి చేయిస్తే ఎంతవుతుందని చూడడం రెండవది. ఇల్లు కదలని ముసలి తల్లి విషయంలో మొదటి దారి సున్నాకు దగ్గరగా చేరుతుంది, రెండవది ఒక ఆయా జీతమవుతుంది. దానికి తోడు, కనిపెట్టుకుని ఉండడం అనేది విడిగా చేసే పని కాదు. వండుతూనే ఒక కన్ను అటు వేసి ఉంచడం అది. గంటలు అడిగితే తల్లులు "నేనేం చేశాను, ఇంట్లోనే ఉన్నాగా" అంటారు. ప్రశ్నాపత్రం పట్టుకుని వెళ్ళే యువ పరిశోధకులు చాలామంది ఆ గడిలో సున్నా వేసి వచ్చేస్తారు.

చవక వైద్యం అన్న మాట విన్నప్పుడు నాకు ఏర్వాడి గుర్తుకొస్తుంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ దర్గా ఊరిలో, సంకెళ్ళతో కట్టివేసి ఉన్న 28 మంది మానసిక రోగులు మంటలలో చనిపోయారు. కాపలా మనుషులకు జీతం ఇవ్వనవసరం లేకుండా చేసే సాధనం సంకెల.

పశ్చిమ గోదావరిలో ఒక ప్రయత్నం

తెలుగు నేల మీద జరిగిన ప్రయత్నాలలో చెప్పుకోదగినది జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌వారు పశ్చిమ గోదావరి జిల్లాలో నడిపిన స్మార్ట్ మెంటల్ హెల్త్. ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనల గురించి అడుగుతారు. అనుమానం ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపుతారు. అక్కడి డాక్టరుకు ఆ ట్యాబ్లెట్టే దారి చూపుతుంది. మొదటి దశ ఫలితాలు 2017లో వచ్చాయి. ఇబ్బంది ఉన్నట్టు తేలినవారిలో మానసిక వైద్య సేవలు వాడుకున్నవారు 0.8 శాతం నుండి 12.6 శాతానికి పెరిగారు. ఆ తరువాత ఆంధ్రప్రదేశ్, హర్యానాలలో 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో పెద్ద ఎత్తున పరీక్షించారు.

ఈ నమూనా చవక అని అందరూ అంటారు, నిజమే. గోవాలో డాక్టర్లు కాని కౌన్సెలర్లతో జరిపిన మానస్ ప్రయోగం కూడా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఖర్చును మిగిల్చిందనే తేలింది. అయితే వ్యయగణకుడిగా నేను ఒక చోట ఆగుతాను. ఆశా కార్యకర్త గంట ఎంత? 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాళ్ళ గౌరవ వేతనాన్ని నెలకు 10,000 రూపాయలు చేసింది. పని మారలేదు, గుమ్మాలు మారలేదు, ఆ ఒక్క ఉత్తర్వుతో ప్రతి ఇంటి సందర్శన ఖరీదూ మారిపోయింది. గౌరవ వేతనం అన్న మాటలోనే ఉంది, అది జీతం కాదని. చవకదనంలో కొంత భాగం సాంకేతికత వల్ల వచ్చినది. కొంత భాగం ఆ స్త్రీలకు తక్కువ ఇవ్వడం వల్ల వచ్చినది. ఈ రెంటినీ విడదీసి చూపని నివేదికను నేను పూర్తిగా నమ్మను.

పనివాడి విలువ

ఇప్పుడు ఆ ఏసీ మెకానిక్ దగ్గరికి తిరిగి వద్దాం. పోయిన సంపాదనను కొలిచే పద్ధతులు రెండు. మానవ మూలధన పద్ధతిలో, ఆ మనిషి ఆరోగ్యంగా ఉంటే ఇంకా ఎన్నేళ్ళు ఎంత సంపాదించేవాడో అంతా నష్టమే. రెండవది 1990లలో నెదర్లాండ్స్ పరిశోధకులు తెచ్చినది. ఇంగ్లీషులో ఫ్రిక్షన్ కాస్ట్ అంటారు, ఖాళీ పూరణ పద్ధతి అందాం. ఒకడు పోతే అతని స్థానంలో మరొకడు వస్తాడు కాబట్టి, ఆ ఖాళీ నిండేదాకా జరిగిన నష్టమే నష్టమని దాని వాదన.

అతని జీతం నెలకు 150 రియాళ్ళనీ, ఇంకో పదేళ్ళు ఇక్కడ పని చేసేవాడనీ అనుకుందాం. మొత్తం 18,000 రియాళ్ళు. భవిష్యత్తు డబ్బును ఏటా మూడు శాతం తగ్గించే అంతర్జాతీయ ఆచారాన్ని పాటిస్తే సుమారు 15,350. ఖాళీ పూరణ పద్ధతిలోనయితే, కొత్త మనిషి వీసా మీద దిగడానికి ఆరు వారాలు పట్టిందనుకుంటే, 225 రియాళ్ళు. ఒకే మనిషి, ఒకే జబ్బు, అరవై ఎనిమిది రెట్ల తేడా. గణితంలో ఎక్కడా తప్పు లేదు. మొదటి లెక్క అతని ఇంటి వైపు నుండి, రెండవది యజమాని వైపు నుండి వేసినది. పనివాళ్ళు దొరకని దేశంలో ఖాళీ ఖరీదైనది. ఎదురుచూసే వరుస పొడుగ్గా ఉన్న గల్ఫులో అది దాదాపు ఉచితం. కాబట్టి ఇక్కడి యజమానికి పనివాడి మానసిక ఆరోగ్యం మీద పెట్టుబడి పెడితే లాభమని ఖాళీ పూరణ లెక్కలతో ఒప్పించడం వృథా. అది ఎప్పుడూ లాభసాటిగా తేలదు.

2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారంతో 36 దేశాలకు వేసిన లెక్క ప్రసిద్ధమైనది. దిగులు, ఆందోళనల చికిత్సకు పెట్టే ప్రతి డాలరుకూ నాలుగు డాలర్లు తిరిగి వస్తాయన్న వాక్యం అందులోనిదే. చికిత్స పెరగకపోతే ఏటా 1,200 కోట్లకు పైగా పనిదినాలు, దాదాపు లక్ష కోట్ల డాలర్లు పోతాయని అంచనా. భాగిస్తే రోజుకు 80 డాలర్లకు అటూ ఇటూ. ఆ సగటులో జర్మనీ ఇంజనీరు రోజూ ఉంది, బీహారు కూలీ రోజూ ఉంది. జీతంతో విలువ కట్టే ఏ పద్ధతిలోనయినా తక్కువ కూలి ఉన్నవాడి బాధ చవకగా తేలుతుంది. ఇది తెలిసే ఆ అధ్యయనకర్తలు ఆరోగ్యానికి విడిగా విలువ కట్టి మరొక నిష్పత్తి కూడా ఇచ్చారు. పత్రికలు ఒక్క అంకెనే పట్టుకున్నాయి.

మనదేశంలో 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శరీర రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ బీమా ఇవ్వాలని చెప్పింది. 2018 ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ కంపెనీలకు ఆ మేరకు ఆదేశం ఇచ్చింది. 2022 అక్టోబరు 10 నుండి టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడవచ్చు. బీమా మీద ఆసుపత్రిలో చేరితే డబ్బు వస్తుంది. నెలనెలా మందులకూ, మాట్లాడే వైద్యానికీ అయ్యే ఖర్చు చాలా పాలసీలలో జేబునుండే పోతుంది; దీర్ఘకాలపు మానసిక వైద్యంలో ఎక్కువ భాగం ఆ రెండూనే. అతని వంటివారు గల్ఫుకు వచ్చేటప్పుడు కట్టే ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలు. ప్రమాదంలో మరణిస్తే పది లక్షలు. మరణానికి ధర పాలసీ మీద అచ్చువేసి ఉంది. పదేళ్ళు మందు మింగుతూ ఇంట్లో కూర్చోవడానికి ధర ఎక్కడా రాసి లేదు.

ఇక్కడి నుండి పంపించేసినవాళ్ళ ఖర్చును ఎవరయినా కొలవదలిస్తే, ఆ లెక్క ఘుబ్రాలో మొదలై ఊళ్ళో కొనసాగాలి. విమానాశ్రయం దగ్గర పద్దు మూసే ప్రతి అధ్యయనమూ ఒమాన్‌లో వైద్యం ఖరీదని, ఇంటికి పంపడం చవకని తేలుస్తుంది. ఇక్కడే మరో రెండు నెలలు మందులతో నిలబెట్టి, తేలికపాటి పనిలో పెట్టి ఉంటే ఏమయ్యేదో పోల్చి చూడడానికి రెండవ అంకె ఎవరి దగ్గరా ఉండదు.

నేను అతని తమ్ముడికి ఫోను చేసి, నాకు తెలిసిన పద్ధతిలోనే అడిగాను. గడచిన ఆరు నెలలలో ఎన్నిసార్లు డాక్టరు దగ్గరికి వెళ్ళారు? నాలుగుసార్లు. వేరేవాళ్ళ దగ్గరికి? రెండు గుళ్ళు, ఒక దర్గా. మందులకు? బిల్లులున్నాయి. ఇంట్లో ఎవరు చూసుకుంటారు, రోజుకెంతసేపు? "చూసుకునుడేంది సార్, అమ్మ ఇంట్లనే ఉంటది గదా" అన్నాడు. అమ్మ ఏం పని చేస్తుందని అడిగాను. బీడీలు చుడుతుందట. ఇదివరకు రోజుకు ఎనిమిది వందలు చుట్టేదట. ఇప్పుడెన్ని అంటే అతనికి తెలియలేదు. బీడీ సెంటరువాళ్ళు రోజూ లెక్క రాసే చిన్న పుస్తకం ఉంటుంది కదా, దాని పేజీలు ఫోటో తీసి పంపమన్నాను.

మర్నాడు పద్నాలుగు ఫోటోలు వచ్చాయి. అతను ఇల్లు చేరిన వారం దాకా ప్రతి గడిలోనూ 800, 750, 800. ఆ తరువాత 300, 250, కొన్ని రోజులు ఖాళీ. మందులు పనిచేయడం మొదలయ్యిందని తమ్ముడు చెప్పిన నెలనుండి 400, 450. మొన్నటి గడిలో 600 ఉంది.